స్వాతికి: అంబాసిడర్ మడ్‌గార్డ్ ఫొటోలు తీసేముందు

చిరంజీవి స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని నువ్వూ మీ నాన్నా అనుకుంటున్నారని విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో ఆ బండి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు కొత్త మడ్‌గార్డ్ కోసం విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగినా తుప్పు పట్టినవే చూపించారన్నావు. కుడి మడ్‌గార్డ్ చక్రం వెనక, బురద కొట్టి నిలిచే చోట తుప్పు తినేసింది. ఎడమది బాగానే ఉంది. దాన్ని ఫొటోలు తీసి, త్రీడీ మోడల్ చేసి, కుడికి తిప్పి, ఆ కొలతతో ఫైబర్ అచ్చు చేయించాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగావు. అది తర్వాత చెప్తాను. ముందు రేకు సంగతి చూడాలి. బాలానగర్‌లో అచ్చులు, పనిముట్లు చేసే టూల్‌రూముల్లో ఇన్నేళ్లు పనిచేసి, రిటైరయ్యాక కూడా ఇదే పని పట్టుకుని ఉన్నాను కదా, నాకు తెలిసిందల్లా ఒక్కటే తల్లీ. కెమెరా బయటికి తీయకముందు ఆ రేకుని ఎలా తయారుచేశావన్న దాని మీదే మోడల్ బాగోగులు ముప్పాతిక తేలిపోతాయి. ఫొటోలో లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

ఎందుకో చూడు. సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటంటే, ఒకే చుక్కని రెండు మూడు ఫొటోల్లో గుర్తుపట్టి, ఏ కోణం నుంచి ఎక్కడ కనబడిందో బట్టి ఆ చుక్క ఎంత దూరంలో ఉందో లెక్క కట్టడం. పెయింటు మెరుస్తున్న రేకు మీద కనబడేది రేకు కాదు, పైనున్న ట్యూబ్‌లైటు, పక్కనున్న కిటికీ, నీ చొక్కా. నువ్వు రెండడుగులు జరిగితే ఆ మెరుపు కూడా జరుగుతుంది. పాపం దానికేం తెలుసు, అది రేకు మీద మచ్చే అనుకుని లోతు తప్పుగా లెక్కేస్తుంది. నేను మొట్టమొదట చేసిన బోనెట్‌కి అలాగే అయింది. షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద ఫొటోలు తీసి, రాత్రంతా కంప్యూటర్ని నడిపించి, పొద్దున్నే చూస్తే బోనెట్ మధ్యలో బారెడు పొడవు గాడి. నిజంగానే గాడి ఉందేమోనని షెడ్డుకి వెళ్లి చేత్తో తడిమి చూశాను. రేకు నున్నగా ఉంది. ఆ గాడి ట్యూబ్‌లైటుది.

కాబట్టి ముందు మెరుపు చంపాలి. వెల్డింగ్ పగుళ్లు చూసే డీపీ టెస్ట్ కిట్‌లో మూడు డబ్బాలుంటాయి కదా, క్లీనర్, ఎర్ర ద్రవం, తెల్ల డెవలపర్. అందులో ఆ తెల్ల డెవలపర్ డబ్బా ఒక్కటీ కొనుక్కో. అడుగు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, పల్చగా ఒక పూత కొట్టు. మందంగా కొడితే పూత మందమే నీ కొలతలోకి వచ్చేస్తుంది, అంచుల దగ్గర కారిపోతుంది కూడా. ముందు లోపలివైపు ఎక్కడో ఒక మూల కొట్టి, తుడిచి, పాత పెయింటు ఊడటం లేదని చూసుకున్నాకే బయట కొట్టు. మాస్క్ పెట్టుకో, తలుపులు తీసిపెట్టు. అది అంటుకునే సరుకు, దగ్గర్లో గ్రైండింగ్ గానీ వెల్డింగ్ గానీ జరగకూడదు. డబ్బా దొరక్కపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో టాల్కమ్ పౌడర్ కలిపి గన్‌తో కొట్టేవాళ్లూ ఉన్నారు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అంతా ఒకే తెలుపైతే గుర్తుపట్టడానికి చుక్క ఏదమ్మా? పూత ఆరాక ఒక పాత టూత్‌బ్రష్‌ని నల్ల వాటర్‌కలర్‌లో ముంచి, పేపరు మీద రెండుసార్లు విదిలించి, కుచ్చు మీద బొటనవేలు లాగు. సన్నటి తుంపర పడుతుంది. కోడిగుడ్డు మీద మిరియాల పొడి చల్లినట్టుండాలి. చుక్కలు చిన్నవీ పెద్దవీ కలిసి, ఎక్కడా వరస లేకుండా పడాలి. అద్దంలా ఉండే రేకు అప్పుడు సాఫ్ట్‌వేర్‌కి చదవగలిగే కాగితమవుతుంది.

మడ్‌గార్డ్‌ని నేలమీద పడుకోబెట్టకు. విప్పిన రేకు తన బరువుకి తనే వంగుతుంది. బండి మీద బోల్టులు ఎక్కడెక్కడ పట్టుకుంటాయో అక్కడే పట్టుకునేట్టు ఒక చెక్క స్టాండు చేయించు. దాని చుట్టూ నేలమీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, కదలకుండా టేపు వెయ్యి. ఆ అక్షరాలు, బొమ్మలు సాఫ్ట్‌వేర్‌కి దారి చూపిస్తాయి, కెమెరా ఎక్కడుందో చాలా గట్టిగా పట్టుకుంటుంది. అయితే రేకుని తిప్పకూడదు, నువ్వే దాని చుట్టూ తిరగాలి. రేకు తిరిగి పేపర్లు అక్కడే ఉంటే లెక్క అంతా గల్లంతు.

వెలుతురు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు వరండాలో తీసుకో. ఫ్లాష్ వద్దు, నీ నీడ రేకు మీద పడనివ్వకు.

నీ దగ్గరున్న 24 మెగాపిక్సెల్ కెమెరా, 35 ఎంఎం లెన్సు చాలు. మీటరు దూరంలో నిలబడితే ఒక్కో పిక్సెల్ రేకు మీద సుమారు 0.11 మిల్లీమీటర్లు చూస్తుంది. మనకి అంతకంటే అక్కర్లేదు. లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్ 8 పెడితే ముందూ వెనకా కలిపి పాతిక సెంటీమీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. ఐఎస్ఓ 100, ట్రైపాడ్, ఫోకస్ ఒకసారి పెట్టి లాక్ చెయ్యి. జూమ్ లెన్సయితే రింగు కదలకుండా టేపు వెయ్యి. మోకాలి ఎత్తులో ఒక చుట్టు, నడుము ఎత్తులో ఒకటి, తల పైనుంచి ఒకటి, చుట్టుకి 24 చొప్పున తియ్యి. పక్కపక్క ఫొటోల్లో ముప్పాతిక భాగం ఒకటే ఉండాలి. తర్వాత హెడ్‌లైట్ గిన్నె, చక్రం వంపు విడిగా దగ్గర్నుంచి. కొన్ని ఫొటోలు కెమెరా నిలువుగా తిప్పి కూడా తియ్యి, లెన్సు వల్ల ఫొటోలో వచ్చే వంపుని సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. మొత్తం 150 దాటుతాయి. అంచులు మాత్రం మర్చిపోకు. రేకు మడతపెట్టిన అంచుని సూటిగా అంచు వైపు నుంచే తీస్తే లోపలి ముఖానికీ బయటి ముఖానికీ బంధం దొరుకుతుంది. ఆ ఫొటోలు లేకపోతే తర్వాత రెండు ముఖాలూ విడివిడిగా గాల్లో తేలతాయి.

కొలత దగ్గర నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. ఫొటోలు ఆకారాన్ని చెప్తాయి గానీ అది మీటరుదా, అంగుళానిదా అన్నది చెప్పలేవు. ఒక జీపు మడ్‌గార్డ్‌కి నేను టైలర్ టేపుతో రెండు చుక్కల మధ్య దూరం కొలిచి అదే స్కేలు ఇచ్చేశాను. టేపు సాగి ఉంది. నూటికి ఒక వంతు తేడా అంటే వినడానికి చిన్నదే, మీటరు పొడవు రేకులో అది 10 మిల్లీమీటర్లు. అచ్చు పోసి, ఫైబర్ తీసి, బండి మీద పెడితే ఒక్క బోల్టు రంధ్రం కలవలేదు. ఆ డబ్బు, ఆ నెల రోజులు నావే పోయాయి. నువ్వు అల్యూమినియం పట్టీలు రెండు తీసుకుని, వాటి చివర్లలో ప్రింటు తీసిన గుర్తులు అంటించి, మంచి టూల్‌రూములో వాటి మధ్య దూరం కొలిపించు. ఒకటి మడ్‌గార్డ్ పొడవునా, ఇంకొకటి అడ్డంగా, పేపర్ల మీదే పెట్టు. మొదటి పట్టీతో స్కేలు ఇవ్వు, రెండోదానితో పరీక్షించు. రెండోది 500 మిల్లీమీటర్లుండాల్సిన చోట 500.2 చూపిస్తే ముందుకెళ్లు. 503 చూపిస్తే ఆగు, ఏదో కదిలింది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టలేనంటే మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ ఉచితం. మెష్‌రూమ్‌కి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. మెటాషేప్ కొంటే ప్రొఫెషనల్ కొనాలి, స్కేల్ బార్లు, అంటే ఆ పట్టీల కొలత ఇచ్చే సదుపాయం, అందులోనే ఉంటాయి. ఏది వాడినా రీప్రొజెక్షన్ ఎర్రర్, అంటే లెక్కకట్టిన చుక్కకీ ఫొటోలో కనబడిన చుక్కకీ మధ్య తేడా, ఒక పిక్సెల్ లోపు ఉందో లేదో చూసుకున్నాకే మిగతా లెక్కకి వెళ్లు.

వచ్చేది మెష్, అంటే లక్షల త్రిభుజాలతో అల్లిన వల. అదే పూర్తయిన మోడలని అచ్చుకి పంపేస్తారు కొందరు, నాకది నచ్చదు. అందులో దుమ్ము, చిన్న సొట్టలు, పాత పుట్టీ గుట్టలు అన్నీ ఉంటాయి. దాని మీద నున్నటి ప్యాచ్‌లు, అంటే వంపు తిరిగిన ఉపరితలం ముక్కలు, పరవాలి. ఈ వంపుల గణితం పుట్టిందే కారు బాడీల కోసం, తెలుసా? సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టల్జో 1959లో, తర్వాత రెనోలో పియర్ బెజియే ఇదే తలనొప్పితో కూర్చుని కనిపెట్టారు. ప్యాచ్‌లు వీలైనంత పెద్దవిగా, వాటి వంపుని లాగి పట్టే కంట్రోల్ పాయింట్లు వీలైనన్ని తక్కువగా పెట్టు. మెష్‌కి అంటిపెట్టుకోవాలని పాయింట్లు పెంచుకుంటూ పోతే రేకు అలలు తేలుతుంది. స్క్రీన్ మీద ఆ మోడల్‌కి జీబ్రా చారలు (నలుపు తెలుపు చారల ప్రతిబింబం) వేసి చూడు, ఒక ప్యాచ్ నుంచి పక్కదానికి చార విరగకుండా, ఒక్కసారిగా మలుపు తిరక్కుండా జారాలి.

సొట్ట ఏది, అసలు వంపు ఏది అన్నది స్క్రీన్ మీద తేలదు. అందుకే స్ప్రే కొట్టకముందే మీ వీధి చివరి టింకరింగ్ షాపు మేస్త్రిని పిలువు. ఆయన గుడ్డ చుట్టిన అరచేత్తో, కళ్లు మూసుకుని పొడవునా తడుముతాడు. ఎక్కడ ఆగితే అక్కడ సుద్దతో గుర్తుపెట్టు, ఫొటో తీసి దాచుకో. పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం కూడా రేకు మీద జరుపు, పట్టు వదులైన చోట కింద పుట్టీ ఉన్నట్టే. ఆ చోట్లలో మెష్‌ని నమ్మకు, చుట్టూ బాగున్న రేకు వంపుని దాని మీదుగా లాగు.

కుడికి తిప్పడం ఒక బటన్ పనే అయినా, పాత బండ్లలో కుడీ ఎడమా అచ్చంగా ఒకటి కావు. బ్రాకెట్లు, రంధ్రాలు తేడా ఉంటాయి. కాబట్టి తుప్పు పట్టిన ఆ కుడి మడ్‌గార్డ్‌ని పారేయొద్దని మీ నాన్నకి గట్టిగా చెప్పు. దాని బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, డోరు వైపు అంచు దాని మీదే కొలుచుకోవాలి.

మొదటి చుట్టు 24 ఫొటోలు తీయగానే నాకు పంపు. నేను ఇక్కడ వాటిని కలిపి చూసి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా స్ప్రే కడగొద్దు, స్టాండు మీద నుంచి రేకుని కదిలించొద్దు.

మీ అమ్మకీ నాన్నకీ అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న