‘చూసి ఇద్దాం’ అన్నచోట చేరాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. బీకాం చదివాను, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) వచ్చు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పెద్ద స్టేషనరీ షాపులో మూడేళ్ళుగా బిల్లింగ్ చేస్తున్నాను. జీతం 14,000, ఇఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉంది. అమ్మకు షుగరు, మందులు గుణదల ఇఎస్ఐ ఆసుపత్రి నుంచే తెచ్చుకుంటాం. మా బాబాయికి తెలిసినవాళ్ళ అబ్బాయి పటమటలో కొత్తగా మందుల హోల్‌సేల్ ఏజెన్సీ పెట్టాడు. మొత్తం ఐదుగురు ఉంటారు. 18,000 ఇస్తామన్నారు గానీ, మొదటి రెండు నెలలు ‘బిజినెస్ చూసి ఇద్దాం’ అంటున్నారు. కాగితం అడిగితే ‘మన మధ్య కాగితాలేంటి, మా ఇంటి పిల్లలాంటిదానివి’ అన్నారు. డిగ్రీ ఒరిజినల్స్ మాత్రం వాళ్ళ దగ్గర పెట్టమన్నారు. వచ్చే ఒకటో తేదీ సోమవారం నుంచి రమ్మంటున్నారు. గట్టిగా అడిగితే బాబాయి పరువు పోతుందని అమ్మ భయం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా కూతురి వయసుదానివి, అందుకే ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ఇప్పుడున్న షాపులో ఇంకా మానేస్తున్నానని చెప్పకపోతే, చెప్పకు. నేను కింద రాసినది ముందు చెయ్యి. ఒకటో తేదీ కాకపోతే పదిహేనో తేదీ చేరొచ్చు.

నీ ఉత్తరంలో ‘చూసి ఇద్దాం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1993లో నా మొదటి ఉద్యోగం కూడా ఆ మాటతోనే మొదలైంది. వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు. మా మేనమామ చెప్పి పెట్టించాడు. సత్యనారాయణపురం నుంచి రోజూ నడిచి వెళ్ళేదాన్ని. మొదటి నెల అయింది, అడగలేదు. రెండో నెల చివర్లో అడిగితే, ‘నీకు పని నేర్పాం కదమ్మా, దానికి మేం ఏమన్నా అడిగామా’ అన్నారు. మేనమామ మొహం చూసి నోరు మూసుకుని వచ్చేశాను. మొత్తం 57 రోజులు. ఆ లెక్క ఇప్పటికీ చెప్పగలుగుతున్నానంటే, ఏ రోజు ఎన్ని బిల్లులు రాశానో ఒక చిన్న డైరీలో వేసుకునేదాన్ని కాబట్టే. ఆ డైరీని చేతపట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్ళొచ్చని అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. ఆ నెల ఇంట్లో పాలవాడికి బాకీ పెట్టాం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఆ తర్వాత ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే ఒక షెడ్డులో 22 ఏళ్ళు లెక్కలు రాశాను. జీతాల రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. వెల్డింగుకు, పెయింటింగుకు కుర్రాళ్ళు మాట మీద వచ్చి చేరేవాళ్ళు. నెలాఖరున యజమాని నన్నే అడిగేవాడు, ‘వాడికి ఎంత చెప్పామమ్మా?’ అని. ఆయన మోసగాడు కాదు, నిజంగానే మర్చిపోయేవాడు. కుర్రాడు తొమ్మిది వేలు అనేవాడు, ఆయన ఏడున్నర అనేవాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకునేవాళ్ళు. నేను అక్కడ చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పనిలోకి తీసుకున్న రోజు ఇద్దరి మనసులూ బాగుంటాయి, అంకె మాత్రం ఎక్కడా ఉండదు. అందుకని తర్వాత్తర్వాత కొత్తగా చేరినవాడి పేరు, రేటు, తేదీ అదే రోజు ఒక నోటుబుక్కులో రాసి, ఇద్దరి చేతా సంతకం పెట్టించేదాన్ని. మొదట్లో యజమాని విసుక్కున్నాడు. ఆర్నెల్లకు ఆయనే ‘ఆ బుక్కు తీసుకురామ్మా’ అనేవాడు.

అందుకే కాగితం అడగడం అంటే నమ్మకం లేదని చెప్పడం కాదు. వాళ్ళు ఇవ్వకపోయినా సరే, ఆ కాగితం నువ్వే రాయొచ్చు. చేరడానికి ముందే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. తెలుగులో, మామూలుగా, ఇలా:

‘అన్నా, మనం అనుకున్నట్టు ఒకటో తేదీ సోమవారం నుంచి బిల్లింగ్ పనికి వస్తాను. టైం ఉదయం 10 నుంచి సాయంత్రం 7. ఆదివారం సెలవు. మొదటి రెండు నెలలు నెలకు 14,000, మూడో నెల నుంచి 18,000. ప్రతి నెలా 7వ తేదీలోపు నా బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఏమన్నా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి, మా షాపులో చెప్పి రావాలి.’

ఇందులో 14,000 అని ఎందుకు రాశానంటే, ‘చూసి’ అనే చోట ఒక అంకె రావాలి. కొత్త వ్యాపారం, మొదటి నెలల్లో డబ్బు ఇరుకుగా ఉంటుంది, అది నిజమే. తగ్గించి ఇవ్వాలనుకుంటే ఎంతకు తగ్గిస్తారో చెప్పమను. ఇప్పుడు నీకు వస్తున్నదానికంటే ఒక్క రూపాయి తగ్గినా వెళ్ళొద్దని నా సలహా. వ్యాపారం నడుస్తుందో లేదో చూడాల్సింది పెట్టుబడి పెట్టిన మనిషి. ఆ నష్టాన్ని నెల జీతం మీద బతికే నువ్వు మోయకూడదు.

ఆ మెసేజ్‌కు ‘సరే’ అని వచ్చినా, బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. జవాబు రాయకుండా ఫోన్ చేసి మాట్లాడితే, ఫోన్ పెట్టేసిన వెంటనే ‘ఇప్పుడు ఫోన్లో చెప్పినట్టే’ అని మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటే తీసేయి. ఫోన్ మార్చే ముందు బ్యాకప్ తీసుకో. రెండుసార్లు అడిగినా ఏ అంకే చెప్పకపోతే వెళ్ళకు.

చాలామంది ‘రాత లేకపోతే కోర్టులో చెల్లదు’ అంటారు. అది తప్పు. మన దేశంలో ఒప్పందాలకు ఆధారమైన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. చిక్కల్లా దాన్ని రుజువు చేయడంలోనే. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ నీలాంటివాళ్ళు తెలుసుకోవాల్సింది. నెల జీతగాళ్ళకు తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా జీతం ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా, రావాల్సింది రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. జీతం చీటీ ఇవ్వాలి. జీతం ఇవ్వలేదని అర్జీ పెడితే, ఇచ్చామని రుజువు చూపించాల్సిన బాధ్యత యజమానిదే. అయితే నువ్వు అక్కడ పనిచేశావన్నది మాత్రం నువ్వు చూపించుకోవాలి, ఆ మెసేజ్ అందుకే. ఇక నియామక పత్రం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట తప్పనిసరి. నువ్వు చెప్పిన చోట ఐదుగురే కాబట్టి, మన జాగ్రత్త మనమే పడాలి.

ఇప్పుడు బాబాయి సంగతి. నీకు నిద్ర పట్టనివ్వనిది జీతం కంటే ఇదేననిపించింది. మొహమాటం చిన్న విషయం కాదు, నేనూ అందులోనే మునిగాను. కానీ బాబాయిని పక్కన పెట్టి అడగడం కంటే, ఆయన్నే మధ్యలో కూర్చోబెట్టడం మంచిది. ‘బాబాయ్, మీరు చెప్పారు కాబట్టే వెళ్తున్నాను. జీతం, తేదీ మీ ముందే ఒకసారి అనుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది’ అని అడుగు. అలా అడిగితే ఏ బాబాయీ కాదనడు. ఆ అబ్బాయిని, బాబాయిని, నిన్ను కలిపి ఒక గ్రూపు చేసి, మెసేజ్ అందులోనే పెట్టు. నీ మాటకు ఆయనే సాక్షి అవుతాడు. రేపు జీతం ఆలస్యమైతే నువ్వు అడగకముందే ఆయన అడుగుతాడు. ఆయన పరువు నిలబడేది ఇలాగే. రెండు నెలలయ్యాక నువ్వు ఏడుస్తూ ఇంటికొస్తే మాత్రం రెండు కుటుంబాల మధ్య మాటలు పోతాయి.

ఒరిజినల్స్ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తెచ్చుకో. జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ‘ఫలానా ఏజెన్సీలో ఉద్యోగం కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం అడిగితే అక్కడి నుంచే వచ్చేయి, బాబాయి ఏమనుకున్నా సరే. కాగితాలు వద్దన్న మనిషి నీ సర్టిఫికెట్లు మాత్రం తన దగ్గర పెట్టమనడం నాకు అస్సలు నచ్చలేదు.

చేరితే, మొదటి వారంలోనే ఓ రెండు వేలు అడ్వాన్సు అడుగు. ఆటోనగర్‌లో తెలివైన కుర్రాళ్ళు అందరూ చేసే పని ఇది. అది ఫోన్‌పేలోనో బ్యాంకులోనో నీ ఖాతాకు వస్తే, నువ్వు అక్కడ జీతం మీద పనిచేస్తున్నావని చెప్పే మొదటి రుజువు అదే. ఇచ్చే చేయి ఎలాంటిదో కూడా వారంలోనే తెలిసిపోతుంది. దాంతోపాటు రోజూ ఎన్నింటికి వెళ్ళావు, ఎన్నింటికి వచ్చావు, ఏ పని చేశావు అని డైరీలో రెండు ముక్కలు రాసుకో. వాళ్ళ కస్టమర్ల లిస్టులు, ధరల పట్టికలు మాత్రం ఫోటోలు తీయకు, అది వాళ్ళ సొత్తు.

ఇంకొక లెక్క కూడా వెయ్యి. ఇప్పుడు ఇఎస్ఐకి నీ జీతంలోంచి నూటికి 75 పైసల చొప్పున నెలకు 105 రూపాయలు పోతున్నాయి, షాపువాళ్ళు 455 కడుతున్నారు. దానితో అమ్మకు వైద్యం జరుగుతోంది. ఇఎస్ఐ మామూలుగా పదిమంది, అంతకు మించి ఉన్నచోటే తప్పనిసరి. ఐదుగురున్న ఏజెన్సీలో అది ఉండకపోవచ్చు, అప్పుడు కొన్నాళ్ళకు నీ ఇఎస్ఐ కార్డు ఆగిపోతుంది. అమ్మ మందులు బయట కొంటే నెలకు ఎంతవుతుందో మెడికల్ షాపులో అడిగి రాయించుకో. పెరిగే 4,000లోంచి అది తీసేసి చూడు. మిగిలేది వెయ్యో పదిహేను వందలో అయితే, దాని కోసం మూడేళ్ళ ఉద్యోగం వదలొద్దంటాను.

వదిలేటట్టయితే, పాత షాపులో ముందుగా చెప్పి, చివరి నెల జీతం, మూడేళ్ళు పనిచేసినట్టు ఒక లెటర్ తీసుకునే రా. వాళ్ళతో మంచిగా రా. ఎటుపోయి ఎటొచ్చినా తిరిగి వెళ్ళడానికి ఆ తలుపు తెరిచి ఉండాలి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గుమాస్తాగా చేశాను. ఒక నెల జీతం నగదుగా ఇచ్చారు. మిగతా రెండు నెలలది ‘సీజన్ అయ్యాక’ అన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కాగితం ఏమీ లేదు. ఆశ వదులుకోవాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వదులుకోవద్దు బాబూ. కాగితం ఏమీ లేదనుకుంటున్నావు గానీ, మూడు నెలలు గుమాస్తాగా చేసినవాడి చేతిరాత ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాటా చీటీల ఫోటోలు, లారీ డ్రైవర్లతో, కోల్డ్ స్టోరేజీవాళ్ళతో ఆ కొట్టు తరఫున నువ్వు మాట్లాడిన మెసేజ్‌లు, కాల్ లిస్టు, నీతోపాటు పనిచేసిన ముఠా మేస్త్రి మాట, అన్నీ పనికొస్తాయి. ఈ రోజే ఒక సంచీలో చేర్చు.

తర్వాత యజమానికి ఒక ఉత్తరం రాయి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావు, నెలకు ఎంత అనుకున్నారు, ఎంత ముట్టింది, ఎంత రావాలి. తిట్లు వద్దు. పదిహేను రోజులు గడువు ఇచ్చి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, ఉత్తరం నకలు దాచు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది కాబట్టి కౌంటరులో అదే అడుగు.

గడువు దాటితే గుంటూరులో లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వు, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. వేతనాల కోడ్‌లో ఇలాంటి క్లెయిముకు మూడేళ్ళ గడువు ఉంది. రావాల్సినదానితోపాటు పరిహారం కూడా వేయించే అధికారం వాళ్ళకుంది. వకీలు ఖర్చు గురించి భయపడకు, 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థవాళ్ళు ఉచిత సాయం నీకు వర్తిస్తుందో లేదో చెబుతారు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఆ సాయం ఉంది. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఒకటి ఇవ్వు.

నువ్వు ఉత్తరం పంపాక వాళ్ళ నుంచి ఫోన్ వస్తే, ‘సగం తీసుకుని సంతకం పెట్టు’ అంటారేమో. తీసుకోవాలనుకుంటే తీసుకో, కానీ ‘మొత్తం ముట్టింది’ అని రాసి ఉన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. ఎంత ముట్టిందో ఆ అంకె నీ చేత్తోనే వేసి, ‘ఇంకా ఇంత రావాలి’ అని కింద రాసి, అప్పుడు పెట్టు.