మామగారికీ మా వారికీ మధ్య ఉక్కు కర్మాగారం

ప్రశ్న: నా వయసు 35 సంవత్సరాలు. హైదరాబాద్‌లో ఉంటున్నాము. మా మామగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో 31 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరయ్యారు. ఆ కర్మాగారం కిందే వారి భూమి పోయింది. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద ఆయనకు ఉద్యోగం వచ్చింది. అత్తగారు కాలం చేశాక, గాజువాకలోని ఇల్లు అద్దెకిచ్చి రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండుసార్లు ఉద్యోగం పోయినా ఎవరి ముందూ చేయి చాచకుండా మళ్లీ నిలదొక్కుకున్నారు. సంక్రాంతికి వచ్చిన మా మరిది, ఆర్థికం, ప్రభుత్వం, సమాజం అనే మూడు విషయాల్లో ఎవరు ఎటువైపో తేల్చే ప్రశ్నావళి ఒకటి ఫోన్‌లో తెరిచి ఇంటిల్లిపాదితో జవాబులు పెట్టించాడు. మామగారికి ఆర్థికంలో లెఫ్టు, సమాజం విషయంలో పాతకాలపు ధోరణి అని వచ్చింది. మా వారికి ఆర్థికంలో రైటు, సమాజం విషయంలో స్వేచ్ఛావాది అని వచ్చింది. ఆడవాళ్లకు ఉచిత బస్సు దండగ అన్న ఒక్క జవాబు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ బస్సులోనే రోజూ వస్తుంది. ఆట కాస్తా ఉక్కు ప్రైవేటీకరణ మీదికి మళ్లింది. “మీ ఫ్యాక్టరీ నడిచేది మా పన్నులతోనే కదా” అని మా వారన్నారు. “నీ ఇంట్లో కూర్చుని తింటున్నాను కనుక ఏమైనా అంటావురా” అని మామగారు లేచి వెళ్లిపోయారు. రెండు నెలలుగా ఇద్దరికీ మాటలు లేవు. ఏం కావాలన్నా నాతోనే చెప్పిస్తారు. “తాతయ్యది ఏ పార్టీ, నాన్నది ఏ పార్టీ?” అని ఎనిమిదేళ్ల మా బాబు అడుగుతున్నాడు. నాకు వచ్చిన ఫలితం నేను చూపించలేదు. అది చూపించమనీ, పోయిన ఎన్నికల్లో ఓటు ఎవరికి వేశానో చెప్పమనీ మా వారు పట్టుబడుతున్నారు. ఇంకో సంగతి. నాలుగేళ్ల కిందట మా ఆడపడుచు వేరే కులం అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకుంటే సాక్షి సంతకం పెట్టింది మామగారు. ఇప్పటికీ ఆమె గడప తొక్కనిది మా వారు. ఇద్దరిలో ఎవరిది న్యాయం? వీళ్లను కలిపేదెలా?

జవాబు: అమ్మా, మీరు ‘ఇంకో సంగతి’ అంటూ చివర్లో చేర్చిన విషయాన్ని నేను రెండుసార్లు చదివాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి నమోదు కావాలంటే ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. ఆ ముగ్గురిలో ఒకరిగా, నలుగురూ ఏమంటారో తెలిసి కూడా, కూతురి పక్కన నిలబడిన మనిషికి పాతకాలపు ధోరణి అని ముద్ర పడింది. చెల్లెలి ఇంటికి నాలుగేళ్లుగా వెళ్లని మనిషి స్వేచ్ఛావాది అనిపించుకున్నారు. మీ వారు ప్రశ్నలకు అబద్ధం చెప్పి ఉంటారని నేను అనుకోను. ఎవరి పెళ్లి వాళ్ల ఇష్టమన్న మాటకు ‘అవును’ అని గుర్తు పెట్టడానికి ఒక్క క్షణం చాలు. అదే మాట సొంత చెల్లెలి విషయంలో అనడానికి ఆయనకు నాలుగేళ్లు చాలలేదు.

లెఫ్టు, రైటు అనే మాటలు 1789లో ఫ్రాన్సు సభలో రాజు అధికారాన్ని సమర్థించినవారు అధ్యక్షుడికి కుడివైపున, వ్యతిరేకించినవారు ఎడమవైపున కూర్చోవడం వల్ల పుట్టాయి. ఆ కుర్చీలలో మన ఇళ్లను సర్దబోతే కాళ్లు బయటికి వస్తాయి. కర్మాగారం ప్రభుత్వం చేతిలోనే ఉండాలనీ, ఉచిత బస్సు మాత్రం వద్దనీ మీ మామగారు ఒకే పూట అనగలరు. ఆయన దృష్టిలో మొదటిది కష్టార్జితం, రెండోది ఊరికే ఇచ్చేది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో నడుస్తున్న ఆ పథకం గురించి మీ ఇంటి మగవాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉన్నారట. ఆ బస్సులో రోజూ వచ్చే మనిషి అప్పుడు పక్కనే వంటింట్లో ఉందో లేదో మీరు రాయలేదు. ఉండి ఉంటే ఆమెను అడగాలన్న ఆలోచన వాళ్లకు వచ్చేదా అన్నది నా సందేహం.

ఇక ఉక్కు సంగతికి వస్తాను. మీ వారి మాట తండ్రికి ఎక్కడ తగిలిందో అర్థం కావాలంటే కొన్ని తేదీలు గుర్తు చేసుకోవాలి. “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, మరుసటి సంవత్సరం జనవరిలో శంకుస్థాపన జరిగింది, కానీ దానిని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే సంస్థ ఏర్పడేసరికి 1982 వచ్చింది. మీరిచ్చిన లెక్క ప్రకారం మీ మామగారు 1986లో ఉద్యోగంలో చేరారు. అంటే ఉద్యమం నాటికి చిన్న పిల్లవాడు. తర్వాత కళ్లముందే ఇంటి పొలం ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి వెళ్లిపోగా, ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన యువకుడు. ఎందరికో ఆ కార్డే మిగిలింది, ఉద్యోగం రాలేదు. కనుక ఆయన మనసులో ఆ జీతం ప్రభుత్వం పెట్టిన కూడు కాదు, తాతల నాటి పొలానికి నెల నెలా అందిన ధర. “మా పన్నులతో నడిచేది” అన్న మాట ఆయనకు ఆర్థిక విధానంపై విమర్శగా వినపడదు. తన భూమినీ, తన ముప్పై ఒక్క ఏళ్లనూ కొడుకు బిచ్చంగా లెక్కకట్టినట్టు వినపడుతుంది.

మీ వారి వైపు కూడా అంతే బలమైన కథ ఉంది. ఆయన బడికి వెళ్లేనాటికి దేశం దారి మార్చింది. 1991లో ఆర్థిక సంస్కరణలకు తెరతీసిన పి.వి. నరసింహారావే 1992 ఆగస్టు 1న విశాఖ ఉక్కును జాతికి అంకితం చేశారు. తండ్రికి జీవితాన్నిచ్చిన కర్మాగారాన్నీ, కొడుకుకు జీవనోపాధినిచ్చిన మార్కెట్టునూ ఏడాది తేడాతో ఒకే చేయి ముట్టుకుందన్నమాట, వాళ్లిద్దరూ గమనించారో లేదో. అయితే ఆ మార్కెట్టు మీ వారిని రెండుసార్లు బయటికి గెంటింది, అప్పుడు ఏ యూనియనూ ఆయన తరఫున గేటు ముందు కూర్చోలేదు. జీతం పడేలోపే పన్ను కోత పడే మనిషికి, 2025 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, తనను ఎవరూ ఆదుకోని రోజులు గుర్తురావడంలో వింత లేదు. ఆయన ‘రైటు’ వెనుక ఉన్నది సిద్ధాంతం కంటే ఎక్కువగా ఆ ఒంటరితనమేనని నాకు అనిపిస్తుంది. ఉద్యోగం లేని ఆ నెలల్లో ఆయన తండ్రికి ఆ సంగతి చెప్పారా? చెప్పి ఉండరనే నా ఊహ, ‘ఎవరి ముందూ చేయి చాచలేదు’ అని మీరు గర్వంగా రాసిన తీరును బట్టి.

ఇద్దరిలో ఎవరిది న్యాయమని అడిగారు. సొంత ఇనుప గనులు కేటాయించకుండా నడిపించి నష్టాల్లో ఉందని అమ్మడమేమిటన్న మామగారి ప్రశ్నకు విలువ ఉంది. నష్టం వచ్చినప్పుడల్లా ఖజానా ఎంతకాలం పూడ్చాలన్న మీ వారి ప్రశ్నకూ విలువ ఉంది. నూరు శాతం వాటా అమ్మకానికి 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది కేంద్ర మంత్రివర్గ సంఘం. దానిని అమలు చేయించడం గానీ ఆపించడం గానీ మీ ఇంటి హాలులో తేలే పని కాదు. అందువల్ల ఆ తీర్పు నేను చెప్పను. ఆ రోజు వచ్చిన రెండు వాక్యాల గురించి మాత్రం చెబుతాను: కొడుకు మాట తప్పు, తండ్రి మాట గాయం.

“నీ ఇంట్లో కూర్చుని తింటున్నాను” అన్న వాక్యం సంక్రాంతి నాడు పుట్టింది కాదు. భార్య పోయి, ఉన్న ఊరు వదిలి, కొడుకు ఇంట్లో ఒక గదికి చేరిన మనిషి దానిని రెండేళ్లుగా లోపల మోస్తున్నారు. ఉక్కు ఉద్యోగికి ప్రభుత్వోద్యోగి పెన్షన్ లాంటిది ఉండదు. 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) కింద ఎక్కువ మందికి వచ్చేది నెలకు కొద్ది వేలకు మించదు. గాజువాక అద్దె ఏమవుతోందో మీరు రాయలేదు. మీరో మీ వారో “ఎందుకు నాన్నా, మీ దగ్గరే ఉంచుకోండి” అని వెనక్కి ఇస్తుంటే, ఇకమీద అలా చేయకండి. పాల బిల్లో, బాబు స్కూలు వ్యాన్ ఖర్చో ఆయన కట్టేలా చూడండి. మీకు అది చిన్న మొత్తం కావచ్చు, ఇంట్లో తనకూ ఒక మాట ఉందని ఆయనకు అనిపించడానికి అది అవసరం.

క్షమాపణ అడగవలసినది మీ వారు. ప్రైవేటీకరణపై తన అభిప్రాయం మార్చుకోనక్కరలేదని ఆయనకు ముందే స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే మగవాళ్లలో చాలామంది మాటను వెనక్కి తీసుకోవడమంటే వాదంలో ఓడిపోవడమని భయపడతారు. “నాన్నా, ఫ్యాక్టరీ గురించి నా ఆలోచన వేరు, కానీ మీ జీతం గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది” అంటే చాలు. భోజనాల దగ్గర వద్దు, మీ అందరి ఎదుటా వద్దు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేని చోట అయితే ఇద్దరికీ సులువు. ఆ తర్వాత వీలైతే ఆర్ కార్డు చేతికి వచ్చిన రోజు గురించి తండ్రిని అడగమనండి. అభిప్రాయం అడిగితే వాదన వస్తుంది, జరిగింది అడిగితే కథ వస్తుంది. మీ వారి రెండు ఉద్యోగాలు పోయిన కథ కూడా అప్పుడే బయటపడే అవకాశం ఉంది.

ఈలోగా మీరు వార్తాహరుల పని మానేయండి. “నీ మొగుణ్ని కరెంటు బిల్లు కట్టాడేమో అడుగమ్మా” అని మామగారు అన్నప్పుడు, విసుగు లేకుండా, “పక్క గదిలోనే ఉన్నారు మామయ్యగారూ, మీరే అడగండి” అనండి. మొదటి వారం ఆ బిల్లు ఎవరూ కట్టకపోవచ్చు. కట్టనివ్వకండి. మీరు మధ్యలో సాఫీగా మాటలు చేరవేస్తున్నంత కాలం వాళ్లిద్దరికీ మౌనం వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా మీదే.

మీ ఓటు విషయంలో నాకు సందిగ్ధం లేదు. ఓటు రహస్యం మీ హక్కు. నోటా తీర్పు ఇచ్చిన 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ రహస్యానికి ఉన్న విలువను మరోసారి నొక్కిచెప్పింది. అది భర్త ముందు సడలిపోయే హక్కు కాదు. “అది చెప్పను” అని ఒక్కసారి, నవ్వుతూనైనా సరే, అనండి, కారణాలు ఇవ్వకండి. ప్రశ్నావళి ఫలితం వేరు. దానిని గొడవ పెరగకూడదని దాచారా, లేక మీ అభిప్రాయం బయటపడితే ఇంట్లో మర్యాద తగ్గుతుందని దాచారా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండోదైతే, మామగారి కోపం కంటే అది పెద్ద విషయం, దాని గురించి మీరు నాకు విడిగా రాయండి. ఉచిత బస్సుపై మీ మాట వాళ్లిద్దరి మాటతో కలవలేదని మీరు రాసిన తీరే చెబుతోంది. ఆ ఒక్క విషయమైనా ఒకరోజు పైకి అనండి.

బాబుకు ఏ పార్టీ పేరూ చెప్పకండి, అబద్ధమూ చెప్పకండి. “తాతయ్య ఫ్యాక్టరీలో ఇనుము కరిగించేవాళ్లతో పనిచేశారు, ఆ ఫ్యాక్టరీ ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద నాన్నకూ తాతయ్యకూ పడలేదు” అంటే ఎనిమిదేళ్లవాడికి చక్కగా అర్థమవుతుంది. తర్వాత వాడు వెళ్లి ఇనుము ఎలా కరుగుతుందని తాతయ్యనే అడుగుతాడు, అడగనివ్వండి.

మీ ఆడపడుచు విషయంలో మీ వారిని ఒప్పించే భారం మీరు నెత్తిన వేసుకోవద్దు. ఆయన గడప తొక్కకపోవడం ఆయన ఇష్టం, కానీ మీ ఇల్లు ఆయన ఒక్కరిదే కాదు. ఉగాదికి రమ్మని ఆమెను మామగారి చేత ఫోన్‌లో పిలిపించండి, ఆ సంగతి మీ వారికి ముందుగానే చెప్పండి, అనుమతి అడిగినట్టు కాకుండా తెలియజేసినట్టు. ఆమె వస్తానంటే, రైలు ఎన్ని గంటలకో, స్టేషనుకు ఎవరు వెళ్తారో అందరూ ఉన్నప్పుడు అడగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.