ఇంటిపేరు కన్నా ముందు ఊరు వెతుకు

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

అల్లుడి తాతగారి తాత 1880 ప్రాంతంలో జర్మనీ నుంచి అమెరికాలోని సిన్సినాటి చేరాడని, న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రంలో గుమాస్తా ఆయన పేరును కార్పెంటర్‌గా మార్చేశాడని వాళ్లింట్లో చెప్పుకుంటారని రాశావు. గుమాస్తా కథను నమ్మకు. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. అక్కడ కూడా ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితాను చూసే ప్రశ్నలు అడిగేవారు. పేర్లు మారింది ఆ తరవాత, పనిచోటా బడిలోనూ; కొన్ని మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లను శత్రువులుగా చూస్తారన్న భయంతో. సిన్సినాటిలో జర్మన్ రేవు పేరున్న బ్రెమెన్ వీధి రిపబ్లిక్ వీధి అయింది అప్పుడే. 1917లో ఇంగ్లండ్‌లో బాటెన్‌బర్గ్‌లు మౌంట్‌బాటెన్‌లయ్యారు. మన చివరి వైస్రాయ్ పుట్టినప్పటి ఇంటిపేరు బాటెన్‌బర్గే.

కార్పెంటర్ అంటే జిమర్‌మాన్ అయి ఉంటుందని నీ ఊహ. కావచ్చు. కానీ జర్మనీలో జిమర్‌మాన్‌లకు కొదవ లేదు. ఊరు తెలియకుండా వాళ్లలో మనవాడిని గుర్తుపట్టలేవు. అక్కడ 1876కు ముందు దేశమంతటికీ ఒకే పౌర నమోదు లేదు. జననాలు, పెళ్లిళ్లు చాలాచోట్ల చర్చి పుస్తకాల్లోనే ఉంటాయి, అవి ఏ చర్చివి ఆ చర్చివే.

అందుకే ముందు అమెరికాలోనే వెతుకు. మరణపత్రం, సమాధి రాయి, తరవాత 1920, 1910, 1900 జనగణనలు, ఈ వరుసలో వెనక్కి వెళ్లు. ఆ మూడింటిలోనూ వలస వచ్చిన సంవత్సరం అడిగారు. ఏ రెండు జనగణనల మధ్య పేరు మారిందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. 1890 జనగణన కోసం తిరగకు, 1921 అగ్నిప్రమాదం తరవాత దాదాపు ఏమీ మిగల్లేదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది జర్మన్ వలసదారుల చర్చి రిజిస్టర్లను. జనగణనలో ‘జర్మనీ’ అనో ‘ప్రష్యా’ అనో రాసి ఊరుకుంటారు. పాదిరి మాత్రం పెళ్లి నమోదులో పుట్టిన ఊరు రాసిన సందర్భాలు ఎన్నో. పిల్లల బాప్తిస్మంలో సాక్షులుగా నిలిచినవాళ్ల పేర్లు కూడా రాసుకో. వాళ్లు తరచుగా తోబుట్టువులో సొంతూరివాళ్లో అయ్యేవారు. ఒక తమ్ముడు పాత ఇంటిపేరు వదలకపోతే నీ పని సగం అయినట్టే.

ఆయనను హెన్రీ అనేవారన్నావు కదా, బాప్తిస్మం పేరు యోహాన్ హైన్రిష్ కావచ్చు. చాలామంది మగపిల్లలకు ముందు యోహాన్ అని పెట్టి, రెండో పేరుతో పిలిచేవారు. వెతికేటప్పుడు రెండూ ప్రయత్నించు. పలికే తీరును బట్టి పేర్లను వెతికే సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని మార్చదు కాబట్టి కే బదులు సీ, బీ బదులు పీ పెట్టి విడిగా చూడు.

ఓడల జాబితాలు చివరికి. హాంబర్గ్‌వి 1850 నుంచి ఉన్నాయి, చాలావాటిలో సొంతూరు కూడా ఉంటుంది. బ్రెమెన్‌లో ఆనాటివి దాదాపు అన్నీ పోయాయి. ఆయన అటునుంచి వచ్చి ఉంటే న్యూయార్క్‌లోనో బాల్టిమోర్‌లోనో దిగినప్పటి జాబితాలే దిక్కు.

ఊరు దొరికితే పాత జర్మన్ సామ్రాజ్యపు ఊళ్ల పట్టిక అయిన మేయర్స్ గెజిటీర్‌లో చూడు. అదే పేరుతో మరికొన్ని ఊళ్లుంటాయి, తొందరపడకు. పాత జర్మన్ చేతిరాత నీకు అర్థం కాకపోతే ఆ పేజీ ఫోటో నాకు పంపు, కూర్చుని చదివి పెడతాను.

మీ పెద్దనాన్న