పరారుణ కెమెరాను టెలిస్కోప్‌కు బిగించాక మళ్లీ నెలల తరబడి పరీక్షలు ఎందుకు?

నల్గొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగారు: ల్యాబ్‌లో బాగా పనిచేసిన పరారుణ కెమెరాకు, స్పెక్ట్రోమీటర్‌కు (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) టెలిస్కోప్ దగ్గర మళ్లీ పరీక్షలు దేనికని.

అసలు చిక్కు వేడితోనే. మే నెలలో పొద్దుగూకాక కూడా మన గుట్టల బండల దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతుంది కదా, అదీ కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతే. టెలిస్కోప్ అద్దం, దాని చట్రం, పైనున్న గాలి కూడా అలాగే సెగ కక్కుతాయి. కాంతి తరంగదైర్ఘ్యం 2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటాక మసక నక్షత్రాలు ఆ వెలుగులో మునిగిపోతాయి. అందుకే డిటెక్టర్‌ను, అంటే కాంతిని పట్టే చిప్‌ను, శూన్యంలో పెట్టి, సుమారు మైనస్ 190 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అయినా బయటి సెగ లోపలికి ఎంత వస్తుందో బిగించాకే తేలుతుంది.

ఇంకొకటి, టెలిస్కోప్ వాలినప్పుడల్లా పరికరం తన బరువుకే వెంట్రుకవాసి వంగుతుంది. దాంతో స్పెక్ట్రమ్ (విడదీసిన కాంతి పట్టీ)లోని గీతలు పక్కకు జరుగుతాయి. ఒక్కో దిశలో, గీతలు ఎక్కడ పడాలో ముందే తెలిసిన ఆర్గాన్, నియాన్ దీపాల స్పెక్ట్రమ్ తీసి ఆ జరుగుడు కొలుస్తారు.

నాకు బాగా నచ్చేది ఆకాశపు వెలుగును తీసేసే పద్ధతి. గాలి పై పొరల్లోని హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసినది) ఇచ్చే మెరుపు నిమిషాల్లో మారుతుంది కాబట్టి, టెలిస్కోప్‌ను కాస్త జరిపి వెంటవెంటనే రెండు ఫొటోలు తీసి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసివేస్తారు.

మన దేశంలో ఉదాహరణ కావాలంటే నైనిటాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్‌కు 2019లో అమర్చిన టాన్‌స్పెక్ అనే పరారుణ కెమెరా-స్పెక్ట్రోమీటర్ గురించి చదవండి.