ఆ అంకె ఏ బఫర్‌లో పుట్టిందో అడుగు

లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

చి. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

మందుగా వాడే యాంటీబాడీల్లో ఏ ఆస్పరజీన్ (ప్రోటీన్ గొలుసులోని ఒక అమైనో ఆమ్లం) డీఅమిడేషన్ అవుతుందో, అంటే అమైడ్ భాగం పోగొట్టుకుని పాడవుతుందో, ముందే చెప్పే మోడల్ చేస్తున్నావని, 96 శాతం యాక్యురసీ వచ్చిందని రాశావు. సంతోషమే. కానీ ఆ 96 చూడగానే గుండెలో రాయి పడింది. నీ వంద సైట్లలో (ఆస్పరజీన్ ఉన్న చోట్లలో) నిజంగా పాడయ్యేవి నాలుగే అయితే, అన్నిటికీ కళ్లు మూసుకుని "ఏమీ కాదు" అన్నా అన్నే మార్కులొస్తాయి తల్లీ. ఆ నాలుగిట్లో ఎన్నిటిని పట్టుకుందో రాయి.

టెస్టుకి సైట్లు విడివిడిగా తీశావా? ఐజీజీ1 రకం యాంటీబాడీలన్నిటికీ ఎఫ్‌సీ అనే తోక భాగం ఇంచుమించు ఒకటే. ట్రైనింగ్‌లో చూసిన పెప్టైడే (ప్రోటీన్ ముక్కే) టెస్టులోనూ వస్తే అది ప్రశ్నపత్రం లీకే. తీస్తే యాంటీబాడీని మొత్తంగా పక్కకి తీయి, దాని పోలికలున్న వాటితో సహా.

ఇవి కంప్యూటర్ దగ్గర సరిపోయే పనులు. నా బెంగంతా నీ డేటాలోని డీఅమిడేషన్ శాతాలు ల్యాబ్‌లో కొలిచిన తీరు గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెప్టైడ్ మ్యాపింగ్‌కి, అంటే ప్రోటీన్‌ని ముక్కలు చేసి చూడ్డానికి, ముక్కలు కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ వేసి, పీహెచ్ 8 బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేసేవాణ్ని. ఓ పొద్దున చూస్తే డీఅమిడేషన్ దండిగా ఉంది. మందు పాడైందని ఊరంతా చాటాను. తీరా చూస్తే పాడు చేసింది నేనే! క్షారం, వేడి, సమయం: ఆస్పరజీన్ సక్సినిమైడ్‌గా (డీఅమిడేషన్‌లో మధ్య మెట్టు అది) మారడానికి ఏం కావాలో అన్నీ నేనే అమర్చాను. స్ట్రెస్ పెట్టని (వేడి లాంటివాటితో కావాలని పాడు చేయని) నమూనాని కూడా అలాగే నడిపి ఉంటే ఆ రోజే తెలిసేది. నీ డేటాలో అలాంటి రాత్రులెన్ని కలిశాయో!

మార్పు లేదని రాసిన సున్నాల్నీ నమ్మకు. డీఅమిడేషన్‌తో బరువు 0.984 డాల్టన్లు పెరుగుతుంది. ఆస్పార్టేట్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఐసోమరైజ్ అయితే, అంటే అమరిక మాత్రమే మారితే, బరువు అసలు మారదు. ముక్కల్ని వేరుచేసే క్రొమటోగ్రఫీలో మారినదాని పీకూ మారనిదాని పీకూ విడిపోకపోతే, ఉన్నది కూడా లేనట్టే నమోదవుతుంది.

మన ఇంటి గ్రిల్స్ గుర్తున్నాయా? ఒకే ఇనుము, ఒకే రోజు బిగించినవి. సముద్రం వైపువి రెండేళ్లకే పొలుసులు రాలాయి, పెరటివైపువి ఇంకా రంగు పోలేదు. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఆక్సిజన్ పట్టే ఆక్సిడేషనూ చాలావరకు ఇంతే, బయటికి తేలి ఉన్నదానికి ముందు దెబ్బ. అందుకే అమైనో ఆమ్లాల వరసతో ఆగకుండా ప్రోటీన్ మడతపడిన స్ట్రక్చర్ నుంచి లెక్కలు తీసుకో. ఆస్పరజీన్ పక్కన గ్లైసిన్ ఉంటేనే ప్రమాదమనుకుంటే, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు యాంటీబాడీ లైట్ చైన్‌లోని (చిన్న గొలుసులోని) 30వ ఆస్పరజీన్ నీ చేతికి చిక్కదు. దాని పక్కనున్నది థ్రియోనిన్. అయినా మారుతుంది, అదీ యాంటిజెన్‌ని పట్టుకునే సీడీఆర్‌లో.

దసరాకి వచ్చేటప్పుడు ఆ ఎక్సెల్ షీట్ తీసుకురా. డైజెషన్ (ట్రిప్సిన్ కోత) పీహెచ్‌కి, గంటలకి, స్ట్రెస్ ఉష్ణోగ్రతకి మూడు కాలమ్‌లు చేర్చు. దొరకని గడులు ఖాళీగానే వదిలెయ్, ఊహించి నింపకు. కూర్చుని చూద్దాం.

మీ మావయ్య