పిల్ల పేరు మార్చకు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. నువ్వూ అల్లుడూ ఆరేడేండ్ల పిల్లను దత్తత తెచ్చుకుందామని పేరు రాయించుకున్నరట. "చంటిపిల్లయితే మన చేతుల పెరుగుతది, అంత పెద్దపిల్ల అమ్మా అని పిలుస్తదా అక్కా" అని దాని రంది. దాన్ని ఎట్లనో సముదాయించిన. ఫోన్ పెట్టేసినంక నాకు నిద్ర పట్టలే. మా చెల్లె కడుపుల ఇంత గుండె ధైర్యమున్న బిడ్డ పుట్టిందని సంతోషం. దానెంబడే బుగులు. పొద్దుగాల ఛాయ తాగి ఈ ఉత్తరం మొదలుపెట్టిన.

కాగితాల సంగతి నాకంటే నీకే ఎక్కువ ఎరుక. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌ల పేరెక్కింది కాబట్టి ఇంటికి సోషల్ వర్కర్ వస్తది. ఇల్లు అద్దం లెక్క పెట్టాలని ఆగమాగం కాకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె రాసే రిపోర్టు మూడేండ్లు చెల్లుతది. నాలుగు దాటి ఎనిమిదేండ్ల లోపు పిల్లకైతే మొగుడు పెండ్లాల వయసు కలిపి 100 దాటొద్దు. మీది 70, దాని రంది లేదు. పిల్ల ఫోటో, ఆరోగ్యం రిపోర్టు కనవడ్డంక 48 గంటలల్ల ఔనో కాదో చెప్పాలె, ఫోన్ దగ్గర పెట్టుకో. మా కాలంల కోర్టు మెట్లు అరిగేటట్టు తిరిగినం. ఇప్పుడు, 2022 సెప్టెంబర్ నుంచి, కలెక్టరే ఆర్డరు ఇస్తున్నడు.

ఒక్క ముచ్చటకు మాత్రం నిన్ను తిట్టాలె. మీ అత్తకు ఎవరో నర్సు ఎరుకట. ఏదో దవాఖానల పుట్టిన పిల్ల ఉందట, పైసలిస్తే నీకే పుట్టినట్టు కాగితం రాయిస్తరట. ఆ మాట విని కూడ నువ్వు ఊకున్నవని మీ అమ్మ చెప్పింది. ఎందుకు ఊకున్నవు? అత్త మనసు నొచ్చుకుంటదనా? పిల్లను కొన్నా అమ్మినా అయిదేండ్ల దాక జైలు, లక్ష రూపాయల జుర్మానా. జువెనైల్ జస్టిస్ చట్టంల 81వ సెక్షన్ చదువుకో. జైలు ముచ్చట కూడ అటుంచు. 1999ల నల్లగొండ దిక్కు లంబాడి తండాలల్ల పసి ఆడపిల్లల్ని కొద్దిపాటి పైసలకు కొని దత్తత పేరు మీద విదేశాలకు పంపిన సంగతి బయటపడ్డది. మీ పెద్దనాయిన పేపర్ల చదివి వినిపిస్తుంటే నా పక్కల నా బిడ్డ పండుకొని ఉండె. తండల ఏ తల్లి ఇంకా పాలు ఇంకని రొమ్ము పట్టుకొని కూసుందో అని ఆ రాత్రి అన్నం తినలే. ఇయ్యాలనే మీ అత్తకు 'వద్దు' అని ఒక్క మాట చెప్పు.

ఇగ నేను చేసిన తప్పు. మీ సమ్మక్క అక్క మా ఇంటికొచ్చిన ముచ్చట నీకు ఎరుకే, నువ్వు అప్పటికి అయిదేండ్ల దానివి. ఈ ముచ్చట మాత్రం మీ అమ్మకు కూడ సగమే ఎరుక.

1997 వానకాలంల దాన్ని తోలుకొచ్చినం. ఆరేండ్లు. మేడారం మొక్కుకుంటే పుట్టిందని కన్నతల్లి ఆ పేరు పెట్టుకున్నదని ఆశ్రమంల ఆయా చెప్పింది. ఆ తల్లి చచ్చిపోయిందో, ఎటు పోయిందో ఎవలకూ ఎరుక లేదు. నాకేమో ఆ పేరు పాతగ అనిపించింది. ఇంగ్లీష్ మీడియం బడిల వేస్తున్నం, పిల్లలు నవ్వుతరేమో అనుకున్న. ఇంటికొచ్చిన రెండోనాడే ఒళ్లె కూసోపెట్టుకొని "ఇగ నీ పేరు ఇది" అని టీవీ సీరియల్ల విన్న పేరొకటి చెప్పిన. ఆ పేరు ఇప్పుడు రాయబుద్ధి కాదు. మీ పెద్దనాయిన "ఉన్న పేరు ఉండనియ్యి" అన్నడు. నేను వినలే. అన్నీ కొత్తగ మొదలైతే పాత గోస మర్చిపోతదనుకున్న. అది ఏమీ అనలే. తల ఊపింది.

కొత్త పేరుతోటి పిలిస్తే మూడోసారికి గాని తిరిగి చూసేది కాదు. వినవడుతలేదేమో అని చెవుల డాక్టర్ దగ్గరికి తోలుకపోయిన. చెవులు మంచిగనే ఉన్నయన్నడు. అప్పటికీ నాకు బుద్ధి రాలే.

1998ల మేడారం జాతరకు పోయినం. దాని ఎత్తు బంగారం ఇస్తనని మొక్కుకున్న, అక్కడ బెల్లాన్నే బంగారమంటరు, తూకానికి బెల్లం కొన్నం. జంపన్న వాగుల స్నానం చేసి ఒడ్డుకొచ్చి, చీర పిండుకుందామని దాని చెయ్యి ఇడిసిన. అంతే. తిరిగి చూసేవరకు పిల్ల లేదు. లక్షల జనం. దుమ్ము, డప్పులు, పూనకాలు. మైకు దగ్గరికి ఉరికి నేను పెట్టిన పేరు చెప్పిన. వాళ్లు పిలుస్తనే ఉన్నరు. మధ్యమధ్యల "సమ్మక్క అనే ఆరేండ్ల పాప ఇక్కడున్నది" అని కూడ వినవడ్డది. నేను విన్న బిడ్డా. ఒకసారి కాదు, మూడుసార్లు విన్న. మేడారంల ఎందరు సమ్మక్కలో, ఎవల పిల్లనో అనుకున్న. మా పిల్ల పేరు వేరు కదా. పొద్దూకినంక మీ పెద్దనాయినకు తట్టింది. "మనదే, అది మనదే" అని ఉరికిండు.

డేరాల ఓ చాప మీద బెల్లం ముక్క పట్టుకొని కూసున్నది. ఏడుస్తలేదు. నన్ను చూసి లేవలే. ఎత్తుకుంటే నా భుజం మీదికెల్లి జనం దిక్కే చూస్తుంది. "కొత్త పేరు ఎందుకు చెప్పలేదే" అని అడిగిన.

"ఈ పేరు చెప్తే మా అవ్వ వస్తదనుకున్న" అన్నది.

బస్సుల దారి పొడుగునా దాన్ని సమ్మక్కా, సమ్మక్కా అని పిలుసుకుంట వచ్చిన. ములుగు దాటినంక "ఊ" అన్నది. బడి రిజిస్టర్ల పేరు మళ్ల మార్పించెటానికి మీ పెద్దనాయిన ఎన్నిసార్లు తిరిగిండో లెక్క లేదు.

గందుకే చెప్తున్న. కలెక్టర్ ఆర్డరు అయినంక పిల్లకు కొత్త జనన ధ్రువపత్రం చేయిస్తరు. అమ్మ, నాన్న అని ఉన్న దగ్గర మీ పేర్లు వస్తయి. పిల్ల పేరు రాసే దగ్గర పెన్ను ఆపి, దాన్ని అడుగు. అయిదేండ్లు దాటిన పిల్లను దత్తతకే ఒప్పుకుంటవా అని అడుగుతున్నరు ఇప్పుడు, పేరు అడగరాదా? దానికి దానే కొత్తది కావాలంటే అది వేరే ముచ్చట.

మొదటి నెలల్ల దిండు కింద రొట్టె ముక్క దొరుకుతది. తీసి పారేయకు, తిట్టకు. పక్కల ఓ డబ్బా పెట్టి అందుల బిస్కెట్లు నింపు, తక్కువైతే మళ్ల నింపు. రాత్రి లైటు ఆర్పకు. "మీరు నా అమ్మ కాదు" అంటది. ఆ మాటకు వంటింట్లకు పోయి ఏడువు, దాని ముందల ఏడువకు. రెండేండ్ల దాక ఆరు నెలలకోసారి అధికారులు వచ్చి చూసిపోతరు, కష్టముంటే దాయకుండ చెప్పు.

నా బుగులంతా ఒక్కటే. పెద్దపిల్లల్ని తెచ్చుకొని, ఇమడలేదని తిరిగి దించి వచ్చినోళ్లున్నరు. నీకూ అల్లునికీ లోపల ఏ మూలన్న అనుమానముంటే ఇప్పుడే ఆగుండ్రి, ఎవ్వరూ ఏమనరు. ఫోస్టర్ కేర్ అని ఉంది, ఆరేండ్లు దాటిన పిల్లల్ని పెంచుకోవడానికి ఇస్తరు, రెండేండ్లు పెంచినంక దత్తతకు అడగొచ్చు. దాని గురించి జిల్లా బాలల పరిరక్షణ విభాగంల అడుగుండ్రి. గానీ వాకిలి దాటి లోపలికొచ్చిన పిల్లను మాత్రం మళ్ల బయటికి పంపొద్దు.

మీ అమ్మ సంగతి నేను చూసుకుంట. మోకాళ్లు నొస్తున్నా మొదటి నెల నీ దగ్గరుంట, వంట నాది. సమ్మక్క కూడ లీవు పెట్టి వస్తనన్నది. "చెల్లెకు నేను జడ వేస్త" అంటున్నది, వరసకు బిడ్డ అయితది గానీ నీ పిల్ల అప్పుడే చెల్లె అయింది దానికి.

ఫోటో వచ్చిన గంటల నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే. ముందుగాల పేరు చెప్పు. ఎట్లుంటదో తర్వాత చెప్దువు.

మీ పెద్దమ్మ