రాత్రంతా కణాల సినిమా తీయబోతున్న చిట్టికి

చిట్టీ,

"రంగులేవీ వేయకుండా బతికున్న కణాల సినిమా తీస్తుందట అక్కా" అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భలే గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, లేచి ఇది రాస్తున్నాను.

రంగు లేని కణాలను వెలుగునీడల తేడాతో చూపించే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కదా, ఆబ్జెక్టివ్‌లోనూ (కణాల దగ్గరి లెన్సు) కండెన్సర్‌లోనూ (దీపం వెలుగును కణాల మీదికి చేర్చే లెన్సు) ఉన్న ఫేజ్ రింగులు ఒకదానికొకటి సరిపోవాలి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. డిష్ పెట్టే స్టేజీ బాగా వేడెక్కాకే మొదలుపెట్టు, లేకపోతే ఫోకస్ జారిపోతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీళ్ల సంగతే నా భయం. పీహెచ్‌డీ మూడో ఏడు, డిష్ నిండా పెరిగిన కణాల మధ్య పిపెట్ టిప్‌తో గీత గీసి, అవి పాకుతూ ఆ ఖాళీని ఎప్పటికి పూడుస్తాయో చూస్తున్నాను. మందు లేని కంట్రోల్ డిష్‌ని ముసురు పట్టిన రోజున తీశాను. మందు వేసిన డిష్ వంతు వచ్చేసరికి ఎవరో ఏసీ గాలిని నేరుగా స్టేజీ మీదికి తిప్పారు. తెల్లారి చూస్తే కణాలు ముడుచుకుని ఎక్కడివక్కడే ఉన్నాయి. మందు పనిచేసిందని గంతులేశాను. గైడ్‌కి చెప్పాను, ఇంటికి ఉత్తరం రాశాను, ల్యాబ్ అంతటికీ మైసూర్‌పాక్ పంచాను.

నెల తర్వాత మందు లేని డిష్ కూడా అదే ఏసీ కింద అలాగే ముడుచుకుంది. నీరు ఆవిరై, కణాలు పెరిగే ద్రవంలో, అదే మీడియంలో, ఉప్పు చిక్కబడితే కణాల్లోని నీళ్లు బయటికి వచ్చేస్తాయి. ఆ రోజు డిష్‌లో మట్టం తగ్గడం నా కళ్లతో చూశానే! చూసి కూడా పట్టించుకోలేదు. మళ్లీ గైడ్ గది తలుపు కొట్టడానికి మూడు రోజులు పట్టింది.

అందుకే కంట్రోలూ మందూ ఒకే ప్లేట్‌లో, ఒకే రాత్రి తియ్యి. గాలి ఆరిపోకుండా, డిష్‌ను మూసి ఉంచే చాంబర్‌లో నీళ్లు పెట్టడం మరవకు. రంగు వేయలేదు కదా, ఏమీ కాదులే అని మైక్రోస్కోపు దీపాన్ని రాత్రంతా వెలిగించి ఉంచావో, ఊరుకోను! వెలుగు ఎక్కువైతే కణాలు దెబ్బతింటాయి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య షట్టర్ మూసి ఉండాలి.

ఫేజ్ కాంట్రాస్ట్ పాతదని సీనియర్లు నవ్వితే నవ్వనీ. దాన్ని కనిపెట్టిన జెర్నికెనే 1932లో జెయిస్ అనే జర్మన్ మైక్రోస్కోపుల కంపెనీ వాళ్లు లెక్కచేయలేదు. 1953లో ఆయనకు నోబెల్ వచ్చింది.

పెరుగన్నం డబ్బా తీసుకెళ్లు. మొదటి సినిమా నాకే పంపాలి. ఇంకోటి, నా మందు పనిచేసిందనే మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. చెప్పకు.

మీ పెద్దమ్మ